తలుపులు మూసుకుంటే ఎవరు ఎక్కడ ఆగాలి
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి వసూళ్ళు ఇంతకు ముందే విన్నారు. మాకు అప్పజెప్పిన ముచ్చట వేరు. పట్నం పోయినప్పుడు గుంపుగా ఎట్లా నడవాలి, రైలు ఎట్లా ఎక్కాలి, ఎట్లా దిగాలి అన్నది. ఎజెండాలో ఈ అంశం చూసి కొందరు నవ్వారు. "రైలెక్కుడు కూడా నేర్పాల్నా?" అన్నారు. నవ్వనీయండి. ఈ ఏడాది పట్నం పోయొచ్చిన వాళ్ళు చేతులెత్తండి అంటే ఈ పందిట్లో సగం చేతులు లేస్తాయి. ఆ పోయొచ్చిన వాళ్ళలో నవ్వినోళ్ళు ఒక్కరూ లేరు, గమనించారా?

ఎందుకు పోతున్నామో అందరికీ ఎరుకే. శిల్పారామం దగ్గర ఇందిరా మహిళా శక్తి బజార్‌లో సకినాలు, పచ్చళ్ళు, చేనేత చీరలు అమ్మడానికి పోతున్నాం. రాజేంద్రనగర్‌లో జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థలో శిక్షణకు పోతున్నాం. ఇంట్లో ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే కాగితాలు పట్టుకొని పంజాగుట్ట నిమ్స్‌కు పోతున్నాం. కొందరి పిల్లలు అమీర్‌పేటలో హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకుంటున్నారు, వాళ్ళను చూసి రావడానికి పోతున్నాం. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్ళకు బస్సు ఉచితం అయ్యాక, గడప దాటని వాళ్ళు కూడా బస్సెక్కారు. మంచిదే. అయితే బస్సు మనల్ని ఉప్పల్ దాకా తెచ్చి వదిలేస్తుంది. అసలు పని అక్కడ మొదలవుతుంది.

ముందు ఒక చిన్న సంగతి చెప్పి ముందుకు పోతాం, ఎందుకంటే దీని దగ్గరే చాలామంది గొడవ పడుతున్నారు. పట్నంలో "మెట్రో" అనే పేరు రెండింటికి ఉంది. మెట్రో ఎక్స్‌ప్రెస్ అనేది ఆర్టీసీ సిటీ బస్సు, ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుంటే మనకు ఉచితం. మెట్రో డీలక్స్ కూడా బస్సే, కాని దానికి డబ్బులు కట్టాలి. పైన స్తంభాల మీద పోయే మెట్రో రైలుకు కూడా డబ్బులు కట్టాలి, దానికీ మహాలక్ష్మికీ సంబంధం లేదు. ఆధార్ కార్డు చూపించి కౌంటర్ దగ్గర వాదన పెట్టుకోవద్దు. ఇంకో మాట, జీరో టికెటే కదా అని తీసుకోకుండా కూర్చోవద్దు. టికెట్ టికెట్టే.

ఇప్పుడు అమీర్‌పేటకు వస్తాం.

హైదరాబాద్ మెట్రో 2017 నవంబరు చివర్లో మియాపూర్ నుంచి అమీర్‌పేట మీదుగా నాగోల్ దాకా మొదలైంది. మరుసటి ఏడాది సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా, 2019 మార్చిలో హైటెక్ సిటీ దాకా వచ్చింది. ఇప్పుడు మూడు లైన్లున్నాయి. మియాపూర్ – ఎల్బీనగర్ ఎర్ర లైను. నాగోల్ – రాయదుర్గం నీలం లైను. జేబీఎస్ – ఎంజీబీఎస్ ఆకుపచ్చ లైను. ఎర్ర లైనూ నీలం లైనూ ఒకదాని మీద ఒకటి దాటేది అమీర్‌పేటలోనే. అందుకే నాలుగు దిక్కుల జనం అక్కడే దిగుతారు, అక్కడే ఎక్కుతారు. కింద రోడ్డు మీద మైత్రీవనం చుట్టూ కంప్యూటర్ కోర్సుల పిల్లలు, బట్టల దుకాణాలు, తోపుడు బండ్లు, హాస్టళ్ళు. పైన రెండంతస్తుల రైళ్ళు. పొద్దున ఆఫీసు వేళ, సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ అక్కడ నిలబడితే, మన కాళ్ళతో మనం నడుస్తున్నామా, జనమే మనల్ని నడిపిస్తున్నారా అని అనుమానం వస్తుంది. పట్నంలో పుట్టి పెరిగినోళ్ళు కూడా ఆ స్టేషన్లో ఎటు పోవాలో తెలియక బాణం గుర్తుల కోసం తల పైకెత్తి చూస్తుంటారు. కాబట్టి "మనం పల్లెటూరోళ్ళం కదా" అని చిన్నబుచ్చుకోవాల్సిన పని లేదు.

మన సంఘాల్లో ఒక నమ్మకం ఉంది. పది మంది కలిసి పోతే భయం లేదని. ఊళ్ళో అది నిజమే. బ్యాంకు మేనేజరు దగ్గరికి, తహసీల్దారు ఆఫీసుకు పోయినప్పుడు కూడా నిజమే. అమీర్‌పేట స్టేషన్లో సాయంత్రం ఆరింటికి మాత్రం, దారి తెలిసిన ఒంటరి మనిషి పది మంది గుంపు కన్నా తొందరగా, క్షేమంగా దాటిపోతుంది. ఎందుకంటే తను ఎటు పోతున్నదో ఆమెకు తెలుసు. గుంపులో అది ముందు నడిచే అక్క ఒక్కదానికే తెలుసు. వెనకున్న తొమ్మిది మంది ఆమె చీర రంగు చూసుకుంటూ నడుస్తారు. ఇక అందరం యూనిఫాం చీరలు కట్టుకొని పోయామనుకోండి, అదే రోజు బజారుకు వేరే మండలం వాళ్ళు కూడా అవే చీరల్లో వచ్చారనుకోండి, ఎవరి వెనక ఎవరు పోతున్నారో దేవుడికే తెలియాలి. ఇది ఊహించి చెప్పేది కాదు. మా గుంపులో ఒక అక్క ఇట్లాగే ఇంకో మండలం వాళ్ళ వెనక మెట్లు దిగి, వాళ్ళతో పాటు ఆటో దాకా పోయింది. వాళ్ళు లెక్క పెట్టుకుంటే ఒకరు ఎక్కువ తేలారు! మనకు నవ్వొస్తుంది గాని, ఆమెకు ఆ పావుగంట నవ్వు రాలేదు.

అందుకే మొదటి కట్టుబాటు ఇది: ఎక్కడికి పోతున్నామో, ఎక్కడ దిగాలో, లీడర్‌తో పాటు ప్రతి ఒక్కరికీ తెలియాలి. బయల్దేరే ముందు రోజు సంఘం మీటింగులో గుండ్రంగా కూర్చొని అందరూ ఒక్కొక్కరుగా నోటితో చెప్పాలి. "ఉప్పల్‌లో ఎక్కుతం, అమీర్‌పేట దాటుతం, హైటెక్ సిటీల దిగుతం." తడుముకోకుండా చెప్పే దాకా చెప్పించండి. చదువు రాని వాళ్ళు ఏం చేయాలని అడుగుతారు. రైల్లో ప్రతి స్టేషన్ పేరు తెలుగులో కూడా చెప్తారు. ఆ రద్దీలో, ఆ మాటల్లో వినపడకపోతే వేళ్ళున్నాయి కదా! ఉప్పల్‌లో ఎక్కితే అమీర్‌పేట పన్నెండో స్టేషన్. బొటనవేలితో మిగిలిన నాలుగు వేళ్ళ కణుపులు ఎంచుకుంటూ పోండి, వేలికి మూడు చొప్పున నాలుగో వేలు అయిపోయే సరికి అమీర్‌పేట వస్తుంది. అక్కడి నుంచి హైటెక్ సిటీ ఎనిమిదోది. వడ్డీ లెక్కలు నోటితో కట్టే మనకు ఇదొక లెక్కనా?

రెండో సంగతి తలుపుల గురించి. దీని మీద కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాం, ఓపిక పట్టండి.

మన ఊరి బస్సు మనం చెయ్యెత్తితే ఆగుతుంది, "ఇంకొకరున్నరు, ఆపు" అంటే ఆపుతాడు. మెట్రో తలుపులకు ఆ మర్యాద లేదు. గంట మోగుతుంది, మూసుకుంటాయి. పద్నాలుగు మంది గుంపు ఒకే తలుపు దగ్గర నిలబడితే, ఏడుగురు ఎక్కేసరికి టైమైపోతుంది. ఒకసారి అచ్చంగా ఇదే జరిగింది. ఎనిమిది మంది లోపల, ఆరుగురు బయట. లోపలున్న వాళ్ళు అద్దం మీద చేతులతో కొడుతున్నారు, బయటున్న వాళ్ళు రైలు వెంబడి నడుస్తున్నారు. ఒక చెల్లె తలుపు సందులో పచ్చడి డబ్బాల సంచి పెట్టబోతే పక్కనున్న కాలేజీ పిల్ల గట్టిగా వెనక్కి లాగింది. ఆ పిల్ల ఎవరో గాని ఆమెకు దండం పెట్టాలి.

తర్వాత ఏమైందో వినండి. లోపలున్న ఎనిమిది మంది తర్వాతి స్టేషన్లో దిగి, అవతలి ప్లాట్‌ఫారంకు పోయి, వెనక్కి వచ్చే రైలు ఎక్కారు. బయటున్న ఆరుగురు అదే సమయంలో తర్వాతి రైలెక్కి ముందుకు పోయారు. రెండు గుంపులూ ఎదురెదురు రైళ్ళలో దాటుకొని పోయారు. వీళ్ళు అక్కడికి, వాళ్ళు ఇక్కడికి. మళ్ళీ ఫోన్లు, మళ్ళీ "మీరు ఆగుండ్రి, మేమే వస్తం", మళ్ళీ ఇద్దరూ బయల్దేరుడు. గంటకు పైగా పోయింది. ఒకరి మీద ఒకరికి ప్రేమ ఎక్కువై జరిగిన పని ఇది. ఎవరూ ఇంకొకరిని వదిలిపెట్టి పోవాలనుకోలేదు, అందుకే అందరూ కదిలారు.

దానికి విరుగుడు ఒక్కటే మాట, ఇది కంఠతా పట్టండి: ఎక్కినోళ్ళు తర్వాతి స్టేషన్లో దిగి అక్కడే నిలబడాలి. మిగిలినోళ్ళు అటువైపే పోయే తర్వాతి రైలెక్కి అదే స్టేషన్లో దిగాలి. వెనక్కి ఎవ్వరూ రావొద్దు. రైళ్ళు కొద్ది నిమిషాలకొకటి వస్తూనే ఉంటాయి, కాబట్టి తలుపుల కోసం ఉరికే అవసరమే లేదు. "రైలు పోతే పోనీ" అనే మాట మనకు అలవాటు లేదు. ఊళ్ళో పొద్దటి బస్సు తప్పితే రోజు పోతుంది కదా, ఆ భయమే ఇక్కడ కూడా ఉరికిస్తుంది. మెట్రో దగ్గర ఆ భయాన్ని ఇంట్లోనే పెట్టి రావాలి. ఎక్కేటప్పుడు కూడా అందరూ ఒకే తలుపు మీద పడకుండా, ముగ్గురు నలుగురు చొప్పున పక్క పక్క తలుపుల దగ్గర నిలబడితే గుంపు ముక్కలు కాదు. మూడు పెట్టెల చిన్న రైలు అది, లోపలికి పోయాక ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకు నడిచి కలుసుకోవచ్చు. ఆడవాళ్ళకు కేటాయించిన చోటు ఎటువైపో ప్లాట్‌ఫారం మీద గుర్తు చూసుకోండి.

ఇప్పుడు జతల సంగతి. లీడర్ మాటిమాటికి వెనక్కి తిరిగి "ఒకటి, రెండు, మూడు" అని లెక్క పెడుతుంటుంది. పద్నాలుగు తలలు ఆ జనంలో లెక్క తేలవు. ఒకసారి పదమూడు వస్తాయి, ఇంకోసారి పదిహేను. లెక్క తేలే లోపల వెనకున్నోళ్ళు తోస్తారు. దానికి బదులు ఇద్దరిద్దరు జత కట్టండి. ఊళ్ళోనే కట్టండి, బస్సు దిగాక కాదు. కళ్ళు సరిగా కనపడని పెద్దమ్మకు చురుకైన కోడలు పిల్ల జత. చదువు రాని అక్కకు బోర్డులు చదివే చెల్లె జత. ప్రతి మనిషికీ ఒకే ఒక్క పని: తన జత పక్కనే ఉందా అని చూసుకోవడం. లీడర్ "జతలున్నయా?" అని అడిగితే "ఉన్నయి" అని జవాబు రావాలి, అంతే. జతలో ఒకరు రైలెక్కలేకపోతే రెండోవారు ఎక్కొద్దు. ఒకరు మూత్రానికి పోతే రెండోవారు కూడా పోవాలి. అప్పు తీసుకునేటప్పుడు ఒకరికొకరం పూచీ పడతాం కదా, అట్లాంటి పూచీనే ఇది.

నడిచేటప్పుడు అందరికన్నా నెమ్మదిగా నడిచే జత ముందుండాలి. మోకాళ్ళ నొప్పుల అక్కలు వెనక పడి ఆయాసపడేది, ముందున్న వాళ్ళు "జల్ది రాండ్రి" అని కేకలేసేది మనం చూస్తూనే ఉన్నాం. ముందున్న వాళ్ళే మెల్లగా నడిస్తే వెనక పడేవాళ్ళే ఉండరు. దారి బాగా తెలిసిన జత ఆఖరున ఉండాలి. "మరి దారి చూపేదెవరు?" అంటే ముందున్న వాళ్ళకూ దారి తెలుసు కదా, నిన్న మీటింగులో నోటితో చెప్పారు!

చేతులు పట్టుకొని గొలుసులాగా నడవడం మాత్రం మానండి. చూడ్డానికి బాగుంటుంది, ఎదురొచ్చే వాళ్ళకు అడ్డం పడుతుంది. మధ్యలో ఒకరు కాలు జారితే ఇద్దరు ముగ్గురు కిందికి గుంజబడతారు. జతలో ఒకరి ముంజేయి ఒకరు పట్టుకుంటే చాలు. కొంగు పట్టుకోవద్దు. కదిలే మెట్ల దగ్గరైతే కొంగు నడుముకు చెక్కుకొని, కుచ్చిళ్ళు ఇంత పైకెత్తి పట్టుకొని, గీత మీద కాకుండా మెట్టు మధ్యలో కాలు పెట్టాలి. భయమైతే లిఫ్టు ఉంది, మామూలు మెట్లున్నాయి. భయపడ్డ మనిషిని నవ్వుతూ ముందుకు నెట్టడం కొందరికి సరదా, ఆ సరదా అక్కడ వద్దు. పైకి చేరినాక మెట్ల చివర్లోనే ఆగి "అందరొచ్చిన్రా?" అని చూడొద్దు, వెనక వచ్చేవాళ్ళకు ఆగే వీలుండదు, మీద పడతారు. పది అడుగులు పక్కకు పోయి గోడ దగ్గర ఆగండి.

నెత్తి మీద మూటల గురించి ఒక మాట చెప్పాలి. 2025 ఫిబ్రవరి 15 రాత్రి న్యూఢిల్లీ రైల్వే స్టేషన్లో కుంభమేళాకు పోయే జనం తొక్కిసలాటలో 18 మంది చనిపోయారు. పార్లమెంటులో రైల్వే మంత్రి ఇచ్చిన జవాబు ప్రకారం, ఒక ప్రయాణికుల తల మీది పెద్ద మూట జారి పడటంతో మెట్ల మీద జనం తట్టుకొని పడ్డారు. ఒక్క మూట! 2015 జూలై 14న రాజమండ్రిలో గోదావరి పుష్కరాల మొదటి రోజున 27 మంది పోయిన సంగతి మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అక్కడ పోయినోళ్ళు మనలాంటి వాళ్ళే, గుంపుగా స్నానానికి పోయినోళ్ళు. భయపెట్టడానికి చెప్పడం లేదు. మూట నెత్తి మీద పెట్టుకోవడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు, పొలం గట్టు మీద అది సుఖం. స్టేషన్ మెట్ల మీద మాత్రం మూట కిందికి దించి చేతిలో పట్టుకోవాలి. అంత బరువైతే మెట్రోలోకి తేవొద్దు. లోపలికి పోయే ముందే సంచులు మిషన్లో పెట్టి చూస్తారు, సామానుకు పరిమితి కూడా ఉంటుంది. బజారుకు పోయే సరుకు పెట్టెలను ఆటో ట్రాలీలో ఇద్దరిని తోడిచ్చి పంపి, మిగతా వాళ్ళు చేతి సంచులతో రావడమే మేలు.

జనం మరీ ఒత్తుకొస్తే ఎదురు తోయొద్దు. చేతులు ఛాతీ ముందు మడిచి పెట్టుకొని ఊపిరికి జాగా చేసుకోండి, జనం పోయే వైపే పోతూ కొంచెం కొంచెంగా పక్క గోడ వైపు జరగండి. చెప్పు ఊడితే పోనీయండి, సెల్లు పడితే పోనీయండి. వంగొద్దు. వంగిన మనిషి వెనకోళ్ళకు కనపడదు. చెప్పుల జత రెండు వందలకు వస్తుంది.

వాన పడితే అందరం మెట్రో స్టేషన్ కిందికి ఉరుకుతాం. 2019 సెప్టెంబరులో ఇట్లాగే అమీర్‌పేట స్టేషన్ కింద వానకు నిలబడ్డ ఒక యువతి మీద పైనుంచి పెచ్చు ఊడిపడి ఆమె ప్రాణం పోయింది. కాబట్టి అంచుల కింద గుమిగూడకుండా స్టేషన్ లోపలికో, దుకాణం లోపలికో పోండి.

ఇక నిమ్స్‌కు పోయేవాళ్ళ సంగతి. బజారుకు పోయే గుంపుతో పాటే దవాఖానకు పోయే ఒకరిద్దరు వస్తుంటారు, తోడుంటదని. ఉప్పల్ నుంచి వచ్చే నీలం లైను రైలు నేరుగా హైటెక్ సిటీకి పోతుంది, బజారు వాళ్ళు దిగే పని లేదు. నిమ్స్ వాళ్ళు మాత్రం అమీర్‌పేటలో దిగి ఎర్ర లైను ఎక్కాలి. కాబట్టి బేగంపేట స్టేషన్ రాగానే తలుపు దగ్గరికి జరగాలి, అమీర్‌పేట వచ్చాక లేస్తే ఎక్కేవాళ్ళ తాకిడికి దిగలేరు. దిగాక గేటు దాటి బయటికి పోవద్దు, అదే టికెట్టుతో లోపల్నుంచే ఎర్ర లైను ప్లాట్‌ఫారంకు దారి ఉంది. అక్కడ ఒకవైపు మియాపూర్, ఇంకోవైపు ఎల్బీనగర్. మనం ఎల్బీనగర్ వైపు ఎక్కాలి. ఒక్క స్టేషనే, పంజాగుట్ట. పొరపాటున అటు ఎక్కితే ఎస్‌ఆర్ నగర్ వస్తుంది. వచ్చినా కంగారు లేదు, దిగి ఇటు ఎక్కాలి. నిమ్స్ దవాఖాన పంజాగుట్ట, ఎర్రమంజిల్ స్టేషన్ల మధ్యన ఉంటుంది.

రోగం బాధలో ఉన్న మనిషిని, ఇంటాయన రిపోర్టులు ఒళ్ళో పెట్టుకొని ఓపీ చీటీ దొరుకుతుందో లేదో అని కుమిలే మనిషిని, అమీర్‌పేటలో ఒంటరిగా దింపి "ఒక్క స్టేషనే కదా, పో అక్కా" అనడం న్యాయం కాదు. బజారు గుంపులోంచి ఒక జత ఆమెతో దిగాలి. దవాఖాన గేటు లోపల చీటీ దాకా తోడుండి, తర్వాత వాళ్ళు బజారుకు పోవచ్చు. "మా అమ్మకం పోతది కదా" అంటారు. పోతుంది, నిజమే. ఆ జత వస్తువులను మిగతా వాళ్ళు అమ్మిపెట్టాలని, దారిఖర్చు గ్రామ సంఘం పెట్టాలని తీర్మానం రాస్తే ఎవరి మనసూ కష్టపడదు. రెండు గ్రామ సంఘాలు ఇప్పటికే ఇట్లా చేస్తున్నాయి.

పంజాగుట్ట చౌరస్తా దాటడం మీద ఎన్నో గొడవలు విన్నాం. బంజారాహిల్స్ వైపు నుంచి, బేగంపేట వైపు నుంచి, ఖైరతాబాద్ వైపు నుంచి బండ్లు వస్తూనే ఉంటాయి. ఫ్లైఓవర్ దిగే బండి నెమ్మది కాదు. దానికి తేలిక మార్గం ఉంది. మెట్రో స్టేషన్లకు రోడ్డుకు రెండు వైపులా మెట్లుంటాయి. ఇటు ఎక్కి అటు దిగితే రోడ్డు దాటినట్టే. ఎటు దిగాలో పైనే అడిగి తెలుసుకోండి. కిందనే దాటాల్సి వస్తే ఒకరి వెనక ఒకరు తోకలాగా దాటొద్దు. ముందున్నోళ్ళు దాటే సరికి సిగ్నల్ మారుతుంది, వెనకున్నోళ్ళు నడి రోడ్డు మీద చిక్కుతారు. పక్కపక్కన నిలబడి ఒకేసారి దాటండి. ఆఖరి జత "పదండి" అన్నాకే కదలాలి. ఎక్కడున్నారో ఫోన్లో చెప్పాలంటే పెద్ద బోర్డుల పేర్లు చదవలేక అవస్థ పడకండి, మెట్రో స్తంభాల మీద నంబర్లున్నాయి. పక్కనున్న స్తంభం నంబరు చెప్తే పట్నంలో ఆటో అతనికైనా, పోలీసుకైనా తెలుస్తుంది.

ఫోన్ల మాట వచ్చింది కాబట్టి. అమీర్‌పేట రొదలో ఫోను మోగినా వినపడదు. సాయంత్రానికి లీడర్ ఫోన్ చార్జింగ్ అయిపోతుంది, అందరూ ఆమెకే చేసి చేసి. అందుకని ఊళ్ళో ఒక మనిషిని కూర్చోబెట్టండి. వీవోఏ కావచ్చు, ఇంకెవరైనా కావచ్చు. ఆ రోజు ఆమె పని ఫోన్ దగ్గర ఉండడం. తప్పిపోయిన వాళ్ళు ఆమెకు చేస్తారు, వెతికేవాళ్ళూ ఆమెకే చేస్తారు. జనంలో లేని మనిషికి రెండు వైపులా వినపడుతుంది, ఎవరెక్కడున్నారో ఆమె చెప్తుంది. పట్నం ముఖం చూడకుండానే ఆమె గుంపును నడిపించగలదు. ప్రతి ఒక్కరి దగ్గర ఒక చీటీ ఉండాలి: పేరు, ఊరు, పోయే చోటు, ఆ ఊళ్ళో ఫోన్ నంబరు, లీడర్ నంబరు. సంచిలో పెడితే సంచి పోతుంది, జాకెట్లో పెట్టుకోండి. చీటీ కూడా తడిసిపోతే 112 అన్నది గుర్తుంటే చాలు, పోలీసులు పలుకుతారు. రైల్లోనో రైల్వే స్టేషన్లోనో అయితే 139. ఆడవాళ్ళకు 181 కూడా ఉంది. డబ్బులు ఒక్కరి దగ్గరే ఉంచకండి, నాలుగు జతలకు పంచండి. అమ్మకం డబ్బులైతే మరీనూ.

ఒక సంగతి ఆడవాళ్ళ సభ కాబట్టి చెప్తున్నాం. పట్నం పోతే మరుగుదొడ్డి దొరకదని పొద్దుటి నుంచి నీళ్ళు తాగకుండా ఉండే వాళ్ళు మనలో చాలామంది. మధ్యాహ్నానికి తలనొప్పి, సాయంత్రానికి కళ్ళు తిరుగుడు. అమీర్‌పేట మెట్ల మీద కళ్ళు తిరిగితే ఏమవుతుందో చెప్పాల్సిన పని లేదు. మెట్రో స్టేషన్లలో మరుగుదొడ్లున్నాయి, చిల్లర చేతిలో ఉంచుకొని అడగండి. అడగడానికి సిగ్గెందుకు? నీళ్ళు తాగండి. ఉప్పల్‌లో ఒకసారి, దిగే చోట ఒకసారి అందరూ పోయి రావాలని ముందే అనుకుంటే "నా ఒక్కదాని కోసం అందరు ఆగాల్నా" అని ఎవరూ బిగబట్టుకొని కూర్చోరు.

తిరుగు ప్రయాణం రైలైతే టికెట్ మీద స్టేషన్ పేరు ఇద్దరితో చదివించండి. పట్నంలో రైలు స్టేషన్ ఒక్కటి కాదు. టికెట్ మీద హైదరాబాద్ అని ఉంటే అది నాంపల్లి. సికింద్రాబాద్ వేరు, కాచిగూడ వేరు. 2025 జనవరిలో చర్లపల్లి కొత్త టెర్మినల్ మొదలయ్యాక కొన్ని బండ్లు అక్కడి నుంచే బయల్దేరుతున్నాయి. సికింద్రాబాద్ అనుకొని పోయి, బండి చర్లపల్లిలో ఉందని తెలిసి ఏడ్చుకుంటూ కూర్చున్న వాళ్ళను చూశాం. ప్లాట్‌ఫారం మారిందని మైకులో చెప్తే పరుగు పెట్టకండి. ఆ మాట ఇంకోసారి చెప్తారు, వినండి, జతను చూసుకోండి, అప్పుడు కదలండి. బండి పోయినా ఇంకో బండి ఉంటుంది, లేకపోతే బస్సుంది.

వచ్చే నెల బజారుకు పోయే వంతు మూడు గ్రామ సంఘాలది. ఈ సభ అయ్యాక భోజనాల దగ్గరే కూర్చొని జతలు కట్టుకోండి. పేర్లు మినిట్స్ పుస్తకంలో రాసి, ఊళ్ళో ఫోన్ దగ్గర ఎవరుంటారో ఆ పేరు కూడా కిందనే రాయించండి. నిమ్స్‌కు పోవాల్సిన వాళ్ళు ఎవరైనా ఉంటే సిగ్గుపడకుండా ఇప్పుడే చెప్పండి, ఏ జత దిగాలో ఇక్కడే తేల్చుకుందాం. ఆఫీసుల రద్దీ ముదరకముందే ఉప్పల్‌లో దిగేట్టు తెల్లవారు బస్సు చూసుకోండి. సద్ది కట్టుకోండి, నీళ్ళ సీసా మరవొద్దు.